రెండో చొక్కా

నూజివీడులో మామిడికాయల వ్యాపారం చేసే శేషగిరిరావు ఇంట్లోకి వాషింగ్ మిషన్ వచ్చింది 1986 ఎండాకాలం చివర్లో. ఆ వీధికి అదే మొదటిది. వెనక వసారాలో, రోలు పక్కన గోడకి ఆనించి పెట్టించాడు. లేతాకుపచ్చ రంగు రేకు పెట్టె. ఒక పక్క బట్టలు ఉతికే తొట్టి, ఇంకో పక్క పిండే తొట్టి. వచ్చిన కొత్తలో ఇరుగుపొరుగు ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి, మూత ఎత్తి, లోపలికి తొంగి చూసి, "ఇంతేనా?" అనేసి వెళ్ళిపోయారు.

శేషగిరిరావు చేతి నుంచి అంత డబ్బు కదిలిందంటే దానికి కారణం సొన. తొడిమ తుంచగానే కాయలోంచి చిమ్మే సొన చొక్కా మీద పడిందంటే మర్నాటికి నల్లబడి కూర్చుంటుంది. చాకలి రేవుకి వేసిన చొక్కాలు మరకలతోనే తిరిగొచ్చేవి. మిషనుకి కూడా ఆ మరకలు లొంగలేదు. కానీ ఆయన భార్య పుష్పావతి నడుముకి మాత్రం కాస్త విశ్రాంతి దొరికింది.

మళ్ళీ ఎండాకాలం వచ్చేసరికి మిషను మొరాయించడం మొదలుపెట్టింది. బట్టలు వేసి పైనున్న టైమరు మర తిప్పితే సగం దాకా బాగానే తిరిగేది. ఆ తర్వాత ఒక్కసారి టక్కున ఆగి, లోపల ఎవరో పళ్ళు బిగించి మూలిగినట్టు సన్నగా మూలిగేది. నీళ్ళు దిగేవి కావు. పుష్పావతి చేయి పెట్టి ఆ చల్లటి మురికినీళ్ళలోంచి బట్టలు దేవుకుని, నూతి దగ్గర జాడించుకునేది. కూతురు ఉమ సెలవులకి అమ్మమ్మగారింటికి వెళ్ళింది కాబట్టి బట్టలు తక్కువే. సర్దుకుపోయింది.

మే నెల రెండో వారంలో ఒక మధ్యాహ్నం ఆమె తొట్టిలో అయిదు బట్టలు వేసింది. ఒక లంగా, రెండు గలేబులు, ఒక తువ్వాలు, ఆయన తెల్ల చొక్కా. మిషను సగంలో ఆగింది. చేయి పెట్టి తీస్తే ఆరు వచ్చాయి.

రెండు చొక్కాలు.

లెక్క తప్పానేమో అనుకుంది. దండెం మీద రెండూ పక్కపక్కన ఆరేసి నిలబడి చూసింది. ఎడమ జేబు కింద సొన మరక. తేలు తోకలా వంకర తిరిగిన మరక. రెండో చొక్కాకీ అక్కడే, అదే వంకర. నాలుగో గుండీ ఊడిపోతే పోయిన నెల తెల్లదారం అయిపోయి ఆకుపచ్చ దారంతో కుట్టింది తను. రెండో చొక్కాకీ నాలుగో గుండీ ఆకుపచ్చ దారంతోనే ఉంది. దారం చివర తను వేసే రెండు ముళ్ళు కూడా ఉన్నాయి.

ఎండ మాడ్చేస్తోంది. వసారాలో తడి ఇనుము వాసన, సబ్బు వాసన. 

మూడింటికి శేషగిరిరావు ఎండదెబ్బ తగిలిందంటూ తలపట్టుకుని ఇంటికొచ్చాడు. కాళ్ళు కడుక్కోవడానికి వెనక్కి వెళ్ళినవాడు దండెం దగ్గరే ఆగిపోయాడు.

"ఇవేంటి?" అన్నాడు.

"నేనే మిమ్మల్ని అడుగుదామనుకుంటున్నా. ఈ చొక్కా మీకు రెండున్నాయా?"

"ఒకటే కదా." గుండీ పట్టుకుని చూశాడు. "ఇది కుట్టిందెవరు?"

"నేనే."

"రెండూనా?"

"ఒకటే కుట్టాను."

ఆయన గుండీ వదిలేశాడు. లోపలికొచ్చి నుదుటి మీద తడిగుడ్డ వేసుకుని పడుకున్నాడు. పుష్పావతి కాఫీ తెచ్చి ఇచ్చేసరికి గోడ గడియారం నాలుగు కొడుతోంది. ఆయన కళ్ళు తెరవకుండానే అన్నాడు.

"ఆ మిషను మార్చేద్దాం పుష్పా. ఎవరికో ఒకరికి ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందాం."

ఆమె చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తెగిన చెప్పుకి నాలుగుసార్లు కుట్టు వేయించుకునే మనిషి. గొడుగు ఊచ విరిగితే తీగ కట్టి రెండు వానాకాలాలు గడిపిన మనిషి. ఏ వస్తువైనా బాగుచేయించడం తప్ప మార్చడమన్న మాట పదహారేళ్ళ కాపురంలో ఆ నోట ఎప్పుడూ వినలేదు.

"రాయప్పని పిలిస్తే బాగుచేస్తాడుగా," అంది.

"వద్దు. వాణ్ణి పిలవద్దు."

 రాత్రి దాకా మంచం దిగలేదు.

అనుమానం ఆ సాయంత్రమే మొలిచింది. ఈ ఏడు ఆయన ఆగిరిపల్లి వైపు పన్నెండెకరాల తోట కాపు కొన్నాడు. కాయ కోతలో ఉందంటూ వారానికి రెండు రాత్రులు అక్కడే ఉంటున్నాడు. పుష్పావతి ఎన్నడూ ఎందుకని అడగలేదు. ఇప్పుడు పడుకుని ఆలోచిస్తుంటే ఒక్కటొక్కటే కుదురుకుంటున్నాయి. అక్కడ ఎవరో ఉంది. ఆయనకి అక్కడా ఇలాంటి బట్టలే ఉన్నాయి. తన కుట్టు చూసి అచ్చం అలాగే కుట్టగలిగేంత చనువుగా, ఆయన చొక్కాని ఒళ్ళో పెట్టుకున్న మనిషి ఎవరో ఉంది. పొరపాటున ఆ చొక్కా సంచిలో ఇంటికొచ్చింది. తను చూసుకోకుండా తొట్టిలో వేసింది. అందుకే ఆయనకి కంగారు.

మరి సొన మరక? దాన్ని చూసి దించడం ఎవరి తరం? ఆ ప్రశ్న వచ్చినప్పుడల్లా పుష్పావతి పక్కకి ఒత్తిగిలింది.

మర్నాడు పొద్దున్న ఆయన వెళ్ళగానే రాయప్ప తనంతట తనే వచ్చాడు. బస్టాండు దగ్గర మోటార్ వైండింగ్ షాపు అతనిది. పొలాల మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు అన్నీ అతనే చూస్తాడు. యాభై దాటిన మనిషి, మాట నెమ్మది.

"ఎవరు రమ్మన్నారు నిన్ను?" అంది పుష్పావతి.

"అయ్యగారేనమ్మా. నిన్న షాపుకొచ్చి చెప్పారు."

"ఎన్నింటికి?"

"నాలుగైంది అప్పుడే. మిషను మధ్యలో ఆగకూడదు రాయప్పా, చివరిదాకా నడవాలి, ఎంతైనా పర్లేదు అన్నారు."

"నిన్న నాలుగింటికి ఆయన ఇంట్లో పడుకుని ఉన్నారు. నేనే కాఫీ ఇచ్చాను."

రాయప్ప ఆమె ముఖంలోకి చూసి నవ్వబోయి మానేశాడు. "నేను అబద్ధమెందుకు చెప్తానమ్మా? నా బల్ల మీద చెయ్యి పెట్టి నిలబడ్డారు. ఆయన వెళ్ళాక బల్ల మీద ఆ చేతి తడి తుడుచుకున్నాను కూడా."

పని దొరుకుతుందని అల్లుతున్నాడనుకుంది. మిషను వెనక రేకు విప్పి, లోపల బ్యాటరీలైటు వేసి చూశాడు రాయప్ప. మర తిప్పి నడిపించాడు. మళ్ళీ ఆపాడు. తొట్టిలో చెయ్యి పెట్టి తడిమి, చెయ్యి బయటికి తీసి, వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"మోటారు బాగుందమ్మా. టైమరు మార్చాలి. కానీ అసలు సంగతి బరువు. ఇది లాగలేకపోతోంది. ఎన్ని బట్టలున్నాయి ఇందులో?"

"ఒక్కటీ లేదు. నువ్వే చూశావుగా, ఖాళీ."

"అదేనమ్మా..." అని గొంతు తగ్గించాడు. "ఖాళీగా ఉంటే మోటారు మీద ఇంత బరువు ఎలా పడుతుంది?"

టైమరు, గట్టి బెల్టు తెప్పించాలి, చెయ్యమంటే కబురు పెట్టండి అని రేకు బిగించి వెళ్ళిపోయాడు.

పదకొండు గంటల వేళ పుష్పావతి చింతపండు పిసుకుతుంటే వెనక నుంచి పిలుపు వినిపించింది.

"పుష్పా..."

శేషగిరిరావు. దొడ్డి గుమ్మం వైపు నుంచి వచ్చి వసారా నీడలో నిలబడ్డాడు. ఆ గుమ్మం ఆయన ఎప్పుడూ వాడడు.

"అదేంటి, ఈ వేళప్పుడు?"

"ఊరికే." నవ్వాడు. పెళ్ళైన కొత్తలో నవ్వినట్టు నవ్వాడు. "రాయప్ప వచ్చాడా?"

"వచ్చాడు. లోపలికి రండి, మజ్జిగ ఇస్తాను."

"వద్దులే. కాళ్ళు బాగాలేవు."

తెల్ల చొక్కా ఒంటికి అతుక్కుపోయి ఉంది. అంచు నుంచి ఒక్కో చుక్క నేల మీద పడుతోంది. చెమట అనుకుంది. కానీ ఆయన దగ్గర చెమట వాసన లేదు. సొన వాసన లేదు, వరిగడ్డి వాసన లేదు. మే నెలలో, కాయ కోతల్లో, ఆయన ఒంటి నుంచి సబ్బు వాసన వస్తోంది. అది ఆమెకి హాయిగా కూడా అనిపించింది.

"మిషను మార్చద్దు పుష్పా. బాగుచేయించు."

"నిన్న మార్చేద్దామన్నారు?"

"నిన్న నాకు ఒంట్లో బాగాలేదు. బాగున్న వస్తువుని ఎందుకు పారేస్తాం చెప్పు? కాస్త బాగుచేస్తే చాలు. ఇంక కొంచెమే ఉంది."

"ఏం కొంచెం?"

 ఆయన మిషను మీద చెయ్యి వేసి, లేగదూడని నిమిరినట్టు నిమిరి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. చింతపండు చేతులతోనే ఆమె గుమ్మం దాకా వెళ్ళి చూసింది. సందు పొడుగునా ఎండ. ఎవరూ లేరు.

పొద్దుగూకాక కరెంటు పోయింది. కిరసనాయిలు దీపం వెలుగులో శేషగిరిరావు అన్నం కలుపుకుంటూ అన్నాడు. "మిషను సంగతి రేపు తేల్చేస్తాను. లారీలో ఎత్తించేస్తా."

"పొద్దున్న ఒక మాట, సాయంత్రం ఒక మాటా? బాగుచేయించమన్నది మీరేగా?"

ఆయన చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"నేనెప్పుడన్నాను?"

"పదకొండింటికి వచ్చి. ఆ వసారాలో నిలబడి."

దీపం చిటపటలాడింది. బయట చీకట్లో నూతి గిలక ఒకసారి కిర్రుమని ఊరుకుంది. ఆయన ముఖంలో రక్తం లేదు.

"నేను రాలేదు పుష్పా," అన్నాడు గుసగుసగా. "పదకొండింటికి నేను తోటలో ఉన్నాను. ఇవాళే కాదు... వారం నుంచి చూస్తున్నా. నీకు చెప్తే నవ్వుతావని..."

"ఏం చూస్తున్నారు?"

"తోటలో కాయలు తూచే కాటా దగ్గర ఒకడు కూర్చుంటున్నాడు. వెనక నుంచే కనిపిస్తాడు. నేను దగ్గరికి వెళ్ళేసరికి చెట్లలోకి వెళ్ళిపోతాడు. కూలీలు వాడితో మాట్లాడుతున్నారు పుష్పా... నాతో మాట్లాడినట్టే మాట్లాడుతున్నారు. వాడి ఒంటి మీద నా చొక్కా ఉంది. మొన్నటిదాకా వాడి చేతులు కనబడేవి కావు. చొక్కా చేతులు ఖాళీగా వేలాడేవి. ఇవాళ చేతులున్నాయి."

పుష్పావతి ఆయన వంకే చూసింది. పదహారేళ్ళలో ఆయన ఇంత పొడుగు మాట చెప్పడం ఇదే మొదలు. ఒక మగవాడు ఇంత కథ కట్టాలంటే వెనక ఎంత దాచుకుని ఉండాలి?

"ఆవిడ పేరేంటి?" అంది.

"ఎవరి పేరు?"

"ఆగిరిపల్లిలో ఉన్నావిడ."

 ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అవి దొరికిపోయినవాడి కన్నీళ్ళు అనుకుంది పుష్పావతి. ఆయన చెయ్యి కడుక్కుని లేచి, వసారా తలుపు గడియ వేసి, రెండుసార్లు లాగి చూసి వచ్చాడు.

"నన్ను ఏమనుకున్నా సరే. దాన్ని మాత్రం ఆన్ చెయ్యకు. రేపు మధ్యాహ్నం లోపల లారీ తెస్తాను. అంతదాకా... నా మాట విను పుష్పా."

తెల్లారాక ఆయన సైకిలెక్కి తోటకి వెళ్ళిపోయాడు. వీధి మలుపు తిరిగేదాకా చూసి పుష్పావతి రాయప్పకి కబురు పెట్టింది. మిషను బయటికి పోతే ఆ రెండో చొక్కా సంగతి కూడా దాంతోపాటే పోతుంది. అదే ఆయనకి కావాలి. తనకి అక్కర్లేదు. బాగుచేయించి, ఇంట్లోనే ఉంచి, ఆ చొక్కా రోజూ ఆయన కళ్ళముందు ఆరేస్తుంది. ఎన్నాళ్ళు దాస్తాడో చూస్తుంది.

రాయప్ప టైమరు మార్చాడు. బెల్టు వేశాడు. పనంతా అయ్యేసరికి పదిన్నర.

"ఏవైనా వెయ్యండమ్మా. నడిపి చూద్దాం."

రెండు చొక్కాలూ తొట్టిలో పడేసింది. నిన్న కట్టి విడిచిన వంగపండు రంగు నేతచీర చేతికి దొరికితే అదీ వేసింది. నీళ్ళు నిండాయి. రాయప్ప మర తిప్పాడు.

తిరిగింది. ఆ నెలలో ఎప్పుడూ తిరగనంత మెత్తగా, నిశ్శబ్దంగా తిరిగింది. సగం దాటింది. ఆగలేదు. రాయప్ప తృప్తిగా తలూపి, పనిముట్లు సంచిలో వేసుకుని వెళ్ళిపోయాడు. పుష్పావతి ఒక్కతే నిలబడింది. చివరికి వచ్చేసరికి లోపల చప్పుడు మారింది. నీళ్ళ చప్పుడు కాదు. ఎవరో నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు... తీసి, వదిలి... తీసి, వదిలి... నిద్ర లేచినట్టు ఒక పెద్ద ఊపిరి.

ఆగింది.

నీళ్ళు గడగడా దిగిపోయాయి. మూత ఎత్తింది. చేయి పెట్టింది. ఒక చొక్కా వచ్చింది. మళ్ళీ పెట్టింది. అడుగు తగిలింది. రెండో చొక్కా లేదు. ఆరు గజాల చీర... లేదు. పిండే తొట్టిలో చూసింది. మిషను వెనక చూసింది. వంగి గొట్టంలోకి చూసింది. నల్లటి చీకటి, ఒక చల్లటి గాలి. అంతే.

చేతిలో ఉన్న చొక్కా విప్పి చూసింది. తెల్లగా ఉంది. జేబు కింద మరక లేదు. గుండీలన్నీ తెల్లదారంతో ఉన్నాయి.

"బాగైందా?"

ఉలిక్కిపడి తిరిగింది. శేషగిరిరావు. ఎప్పుడొచ్చాడో, చెప్పులు గుమ్మం బయట విడిచి, తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు.

"లారీ... తెచ్చారా?" అంది. 

"లారీ ఎందుకు?"

"మిషను ఎత్తించేస్తానన్నారు... రాత్రి..."

"నేనా?" ఆశ్చర్యంగా చూశాడు. "నాకేమైనా పిచ్చా? నిక్షేపంలా ఉన్నదాన్ని ఎవరైనా పారేస్తారా? అన్నం పెట్టు, ఆకలేస్తోంది."

పీట వేసుకుని కూర్చున్నాడు. ఆమె వంట ముగించి వడ్డించేసరికి పన్నెండు దాటింది. పప్పు బాగుందన్నాడు. ఉమకి ఉత్తరం రాశావా అని అడిగాడు. మంచినీళ్ళ గ్లాసు ఎప్పట్లా ఎడం పక్కకి జరుపుకున్నాడు. అన్నీ ఆయనవే. ఒక్కొక్కటీ చూస్తుంటే పుష్పావతి గుండె నెమ్మదించాల్సింది. నెమ్మదించలేదు. రాత్రి దీపం దగ్గర ఏడ్చిన మనిషి ముఖం మాటిమాటికీ కళ్ళముందుకి వస్తోంది. ఆ మాటలు నిజమేమోనన్న ఆలోచన ఆమెకి అప్పుడే మొదటిసారి వచ్చింది. 

వీధి తలుపు కొట్టారు.

వెళ్ళి తీసింది. తోట కాపలాదారు బసవపున్నారావు. చేతిలో ఖాళీ క్యారేజీ, వెనక గోడకి ఆనించిన సైకిలు. ఆమెని చూడగానే రెండడుగులు వెనక్కి వేశాడు.

"అమ్మగారూ... మీరు... ఇక్కడ..."

"ఏం బసవపున్నారావూ? ఏమైంది?"

 మధ్యాహ్నపు ఎండలో అతని కణతల మీంచి చెమట ధార కట్టింది. 

"అయ్యగారు తోటలో ఉన్నారండీ," అన్నాడు మెల్లిగా. "పొద్దుట్నుంచీ మంచం మీద కూర్చుని ఒకటే ఏడుపు. ఎవరితోనూ మాట్లాడట్లేదు. పదకొండు దాటాక అమ్మగారు వచ్చారు. మీరే వచ్చారండీ. వంగపండు రంగు చీర కట్టుకుని. నడిచే వచ్చానన్నారు. అయ్యగారి పక్కన కూర్చుని తల నిమిరారు. నన్ను పిలిచి, ఇంటికెళ్ళి అన్నం సర్దుకురా అన్నారు. ఇంట్లో ఎవరూ ఉండరు అన్నారు. ఒకవేళ..."

"ఒకవేళ?"

"ఒకవేళ ఎవరైనా కనబడితే మాట్లాడద్దన్నారు. బయట గొళ్ళెం పెట్టేసి వచ్చెయ్యమన్నారు."

పుష్పావతి గడప పట్టుకుంది. "నేను, బసవపున్నారావూ... నేనే... నన్ను చూడు..."

అతను చూశాడు. ఆమె భుజం మీంచి లోపలికి కూడా చూశాడు. అక్కడ పీట మీద కూర్చుని అన్నం తింటున్న మనిషిని చూశాడు. క్యారేజీ చేతిలోంచి జారి ఖణేలుమంది. అతని చెయ్యి తలుపు మీదికి వచ్చింది. ఆమె ఆపేలోపే తలుపు మూసుకుంది. బయట గొళ్ళెం పడింది.

తలుపు చెక్కల సందులోంచి అతని ఊపిరి వినబడుతోంది. తర్వాత గుసగుస.

"మీరు మా అమ్మగారే అయితే... నన్ను క్షమించండి తల్లీ."

సైకిలు చప్పుడు దూరమైపోయింది. పుష్పావతి తలుపుకి నుదురు ఆనించి నిలబడింది. వెనక కంచం జరిగిన చప్పుడైంది. ఆయన లేచాడు. అడుగులు ఆమె వైపు రాలేదు. వసారా వైపు వెళ్ళాయి. దొడ్డి తలుపు గడియ తీసిన చప్పుడు. ఎవరినో లోపలికి రమ్మన్నట్టు రెండు మాటలు మెల్లిగా... వెనకే తడి చీర జీరాడిన చప్పుడు.

తర్వాత ఆయన గొంతు, మామూలుగా, ప్రేమగా.

"పుష్పా... ఇంకో కంచం పెట్టు."